ఆటోనగర్‌లో మూడు రోజాలు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. గొప్పకి చెప్పడం లేదు, అప్పటి నా పరిస్థితి అలాంటిది. ఎనిమిదేళ్ళు ఆలిమ్ చదువు, అంటే మతశాస్త్రాల చదువు, చదివి, నలుగురి ముందు తలపాగా కట్టించుకుని, ఆపైన విజయవాడలో ఒక మదర్సాలో ముఫ్తీ శిక్షణకి చేరి సరిగ్గా మూడు నెలలైంది. ముఫ్తీ అంటే, ధర్మసందేహం ఎవరైనా అడిగితే గ్రంథాలు చూసి ఇది చెయ్యొచ్చు, ఇది కూడదు అని జవాబు రాసిచ్చేవాడు. ఆ జవాబే ఫత్వా. (టీవీలో ఆ మాట వినపడితే జనం హడలిపోతారు గానీ, మా దగ్గరికి వచ్చే వాటిల్లో ముప్పాతిక వంతు, ట్యాంకులో బల్లి పడింది, ఆ నీళ్ళతో కాళ్ళూ చేతులూ కడుక్కుని నమాజు చదవొచ్చా అనే రకం.) నా పేరు ముందు ముఫ్తీ అన్న మాట చేరడానికి ఇంకా తొమ్మిది నెలలుంది. నేను మాత్రం నోటు పుస్తకం వెనకపేజీలో ఆ సంతకం అప్పటికే పెట్టి చూసుకునేవాణ్ణి. ఎవరైనా ఏదైనా అడగకపోతారా అని ఊళ్ళో నాలుగడుగులు ఎక్కువే నడిచేవాణ్ణి.

మా శిక్షణ పద్ధతి ఇలా ఉండేది. మా గురువుగారు, ఆయన్ని మేమంతా హజ్రత్ అనేవాళ్ళం, వచ్చిన ఉత్తరాల్లోంచి తలా ఒక ప్రశ్న ఇచ్చేవారు. మేం లావుపాటి అరబ్బీ గ్రంథాలు నేలంతా పరుచుకుని వెతికి, ఫలానా పుస్తకం, ఫలానా పేజీ అని ఆధారాలతో రిజిస్టర్లో జవాబు రాయాలి. ఆయన ఎర్ర పెన్నుతో దిద్దుతారు. కింద ఆయన సంతకం పడేదాకా అది జవాబు కాదు, ఉత్త చేతిరాత. "బయట ఎవరేం అడిగినా 'అడిగి చెప్తాను' అనండి. ఆ మాటకి సిగ్గుపడేవాడు ఈ చదువుకి పనికిరాడు" అని రోజూ చెప్పేవారు. అందరికంటే గట్టిగా తలూపేవాణ్ణి నేనే. శుభ్రత, నమాజు, ప్రయాణం, ఈ అధ్యాయాలతో నా రిజిస్టర్ సగం నిండింది. ప్రమాణాల అధ్యాయం ఇంకా రాలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ వేసవిలోనే మా ఆపాకి, అంటే అక్కకి, పెళ్ళి కుదిరింది. మా ఇల్లు గన్నవరంలో. అబ్బా, అంటే నాన్న, లేని ఇంటికి పెద్దదిక్కు మామూయే, అంటే మా అమ్మీకి అన్నయ్య. పటమటలో కాపురం, ఆటోనగర్‌లో లారీ కమాన్లు, అదే చక్రాల మీది స్ప్రింగు పట్టీలు, బాగుచేసే షాపు. పెళ్ళి మాటలకి చుట్టాలంతా కూర్చున్న రోజు, వంటకి తనకి తెలిసినవాణ్ణి పెడదామన్నాడు మామూ. అమ్మీ ఊరుకుందా? "మీ వాడి పెళ్ళిలో బిర్యానీ అడుగంటబెట్టింది అతనే కదా భయ్యా?" అంది, అందరూ వింటుండగా. ఆ వంటవాణ్ణి ఏమన్నా మామూ పడడు. లేచి చెప్పులేసుకుని, "అల్లా కసం! మళ్ళీ నీ గడప తొక్కను, పో!" అని అరిచి స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయాడు. అల్లా పేరు మీద చేసిన ప్రమాణం తప్పితే ప్రాయశ్చిత్తం ఉంటుంది, అది ఆయనకీ తెలుసు. అమ్మీ తక్కువ తిందా, "మా భయ్యా రాకుండా ఈ ఇంట్లో నిఖా జరగదంతే" అని భీష్మించుకుంది. పెళ్ళి పన్నెండు రోజుల్లోకి వచ్చింది. గోరింటాకు ఎవరిచేత పెట్టించుకోవాలా అని ఆలోచించుకోవలసిన పిల్ల, మా ఆపా, వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

నాలుగో రోజున మామూ నాకు కబురు పెట్టాడు. షాపుకి వెళ్తే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను స్టూలు మీద కూర్చున్నాడు. "ఏరా, ముఫ్తీవి అవుతున్నావుగా. నోరు జారాన్రా. దాని మొహం చూడకుండా ఉండలేకపోతున్నా. ఏదన్నా దారుందా?" అన్నాడు. పక్క వెల్డింగ్ షాపు ఆయన కూడా పని ఆపి నావంక చూస్తున్నాడు. 'అడిగి చెప్తాను మామూ' అంటే సరిపోయేది. మూడు మాటలు. కానీ కుర్చీలో నేను, స్టూలు మీద మామూ, అంత మర్యాద నాకు ఎప్పుడు జరిగింది చెప్పండి? లెక్కపెడితే పాతిక వెంట్రుకలు కూడా లేని గెడ్డం నిమురుకుని, "వరసగా మూడు రోజాలుండండి మామూ. నాలుగో రోజు దర్జాగా వెళ్ళండి" అనేశాను.

రోజా అంటే తెల్లారకముందు నుంచి పొద్దుగూకేదాకా మంచినీళ్ళు కూడా ముట్టని ఉపవాసం. మామూ అరగంటకో టీ తాగే మనిషి. రోహిణీ కార్తె ఎండ. ఆటోనగర్ ఎండ మామూలు ఎండ కాదు, పైనుంచి సూర్యుడు, కిందనుంచి ఇనుము. మొదటి రోజే కళ్ళు లోపలికి పోయాయి. "సాయిబుగారూ, రంజాన్ ఇప్పుడు కాదు కదండీ?" అని వచ్చినవాడల్లా అడగడమే. వెల్డింగ్ ఆయన పాపం మొహమాటపడి, తన మజ్జిగ గ్లాసు షట్టర్ చాటుకి తీసుకెళ్ళి తాగేవాడట. ఇదంతా ఫోన్లో వింటూ నా మొదటి తీర్పు అమలవుతోందని నేను పొంగిపోయాను.

పొంగితే పొంగాను, ఊరుకున్నానా? మూడో రోజు మధ్యాహ్నం, ప్రశ్నా జవాబూ రెండూ రిజిస్టర్లో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, మెప్పు కోసం హజ్రత్ ముందు పెట్టాను. ఆయన చదివి కళ్ళజోడు తీశారు.

"నిజంగా ఎవరైనా ఉంటున్నారా మియా ఈ రోజాలు?"

"మా మామూ, హజ్రత్. ఇవాళ మూడోది."

"బీదవాడా?"

"అబ్బే, రెండు షట్టర్ల షాపు."

"అయితే లేనివాళ్ళు పదిమందికి రెండు పూటలా కడుపునిండా పెట్టాలి, లేదా బట్టలివ్వాలి. ఆ స్తోమత లేనివాడికే రోజాలు. పోనీ, ప్రమాణం తప్పాడా? గడప తొక్కాడా?"

"రేపు తొక్కుతాడు హజ్రత్."

"తప్పకముందే ప్రాయశ్చిత్తమా? వాన పడకుండానే బట్టలు పిండించావన్నమాట!" అని, ఎర్ర పెన్ను కూడా తియ్యకుండా రిజిస్టర్ మూసేశారు. "ఫోన్ చెయ్యకు. నోటితో చెప్పి వచ్చావు, ఎదురుగా వెళ్ళి నోటితోనే వెనక్కి తీసుకో. ఇవాళే."

సిటీ బస్సులో నిలబడి వెళ్ళాను. మామూ కోపం ఎరుగుదును. ఇప్పుడాయన ఇంకో ఒట్టు పెట్టుకుంటే ఆపా పెళ్ళి అంతే సంగతులు. వెళ్ళేసరికి మామూ పెదాలు ఎండిపోయి, టేబుల్ ఫ్యాన్‌కి మొహం ఆనించి కూర్చుని ఉన్నాడు. ఈసారి నేను కుర్చీలో కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను, తెలియకుండా చెప్పానని కూడా చెప్పాను. ఆయన ఫ్యాన్ మీంచి మొహం నావైపు తిప్పాడు.

"అంటే ఈ మూడు రోజులూ..."

"పుణ్యం ఎక్కడికీ పోదు మామూ. లెక్కలోకి మాత్రం..."

మామూ లేచాడు. మొహం ఎర్రబడింది. చెయ్యి పైకెత్తి, "అల్లా కసం, నిన్నూ..." అన్నాడో లేదో, ఒక్క గెంతులో వెళ్ళి ఆయన నోరు మూసేశాను. "వద్దు మామూ! కసం వద్దు! ఇంకో పదిమందవుతారు!"

నా అరచేతి కింద ఏదో కదిలింది. కొరుకుతాడనుకున్నాను. నవ్వుతున్నాడు. పక్కన వెల్డింగ్ ఆయనైతే కడుపు పట్టుకుని కూలబడ్డాడు. మామూ నా చెయ్యి తీసేసి, "ముందు గడప తొక్కాలన్నారుగా మీ హజ్రత్? ఎక్కు" అని స్కూటర్ తీశాడు. రామవరప్పాడు, నిడమానూరు దాటి, పొద్దు వాలుతుండగా గన్నవరం చేరాం. మామూ మా గడప ముందు ఒక్క క్షణం ఆగి, కుడికాలు లోపల పెట్టి, "తప్పాను! సాక్ష్యం నువ్వే!" అన్నాడు నాతో. అమ్మీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే ఖర్జూరాలు వెతికింది. అజాన్ వినపడగానే చెల్లెలి చేతి నీళ్ళతో ఆ మూడో రోజా విడిచాడు. గ్లాసు దించి, "టీ పెట్టు" అన్నాడు. వరసగా నాలుగు తాగాడు.

పదిమంది భోజనాలు మా ఇంట్లోనే పెట్టాం. వండింది ఎవరనుకున్నారు? ఆ వంటవాడే. అమ్మీ డేగిసా అడుగుదాకా గరిటె పోనిచ్చి, వాసన చూసి, "కొంచెం అంటింది" అంది. అంటలేదు, నేను చూశాను. ఆపా పెళ్ళికీ అతనే వండాడు.

హజ్రత్ నా రిజిస్టర్ తిరిగిచ్చినప్పుడు ఆ పేజీకి అడ్డంగా ఎర్రగీత ఉంది. కింద ఆయన సంతకమూ ఉంది, నేను తప్పు ఒప్పుకుని వచ్చినందుకట. ఇప్పుడు నా దగ్గరా ఆరుగురు శిక్షణలో ఉన్నారు. నా గెడ్డం నెరుస్తోంది. చలవచేసిన కుర్తాలో, అత్తరు పూసుకుని, ఆటోనగర్ కుర్చీలో కూర్చున్న ఆ కుర్రముఫ్తీ గుర్తొస్తే కోపం రాదు, జాలేస్తుంది. కొంచెం ముద్దొస్తాడు కూడా. ఫోన్లో ఎవరైనా గట్టి ప్రశ్న అడిగి, నా జవాబు విని, "అదేంటి ముఫ్తీగారూ, మీకు కూడా తెలీదా?" అని నిరాశపడుతూనే ఉంటారు. మామూకి ఇప్పుడు డెబ్బై దాటాయి, టీ డాక్టర్ మాన్పించాడు. మొన్న కూడా ఏదో సందేహమని ఫోన్ చేశాడు.

"ఇప్పుడే చెప్తావా, అడిగి చెప్తావా?"

"అడిగి చెప్తాను మామూ."

"హమ్మయ్య," అన్నాడు, "అయితే నమ్మొచ్చు."