ఆయ్ అన్న పాపానికి

ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి తన పనితనం మీద ఎంత గౌరవం ఉంటుందో, తన ఊపిరితిత్తుల మీద అంత చిన్నచూపు ఉంటుంది. తొంభైల చివర్లో నా సంగతి సరిగ్గా అదే. ఐటీఐలో ఫిట్టరు పాసై, అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో చేరాను. మిషను తిరిగిందంటే పొట్టు ధూళి పొగమంచులా లేచేది. సాయంత్రానికి నా కనుబొమ్మలు కూడా పీచు రంగుకి వచ్చేవి. మిషను ఎక్కడ మూలుగుతోందో, ఎందుకు మూలుగుతోందో చెవితో విని చెప్పేసేవాణ్ణి (నా ఛాతీ ఎందుకు మూలుగుతోందో మాత్రం డాక్టరు చెప్పాల్సి వచ్చింది). "గొంతు కావాలో, ఆ ధూళి కావాలో తేల్చుకోండి బాబూ" అన్నాడాయన. నాకు గొంతే కావాలి. మా చర్చి సంఘంలో పాట ఎత్తుకునేది నేనే. పై స్థాయి చరణం వస్తే అందరూ నా వైపే చూసేవారు.

మరెందుకు మానలేదంటారా? దానికి నేను ఓర్పు అని పేరు పెట్టుకున్నాను. చెరలో పడి కూడా నమ్మకంగా పనిచేసిన భక్తుల కథలు ఆదివారం బడిలో విని పెరిగినవాణ్ణి. దేవుడే నన్ను ఆ మిషను దగ్గర నిలబెట్టాడని గట్టిగా నమ్మాను (ఆ ఫ్యాక్టరీలో ఆయనకు వాటా ఉన్నట్టు). ప్రతి ఆదివారం నా దగ్గు కోసం ప్రార్థన చేయమని అడిగేవాణ్ణి. ఒకసారి మా పాస్టరు అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారూ అని పిలిచే ఆవిడ, ఇక పట్టలేకపోయింది. "ఏం తమ్ముడూ, ప్రభువు నీ దగ్గు తీసేత్తా ఉండాలి, నువ్వు రోజూ ఎల్లి మళ్ళీ మింగొత్తా ఉండాలి. ఆయనకి ఇంకో పని లేదనుకున్నావా ఏంటి?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి దగ్గాను.

మర్నాడే మానేస్తానని చెప్పడానికి ఓనరుగారి గదికి వెళ్ళాను. ఆయన మాట తీపికి పనివాళ్ళు పంచదారగారని పేరు పెట్టారు. మా కోనసీమలో 'ఆయ్' అంటే వింటున్నామండీ అని అర్థం, సరేనండీ అని కూడా అర్థం. నేను మొదటి అర్థంలో అంటాను, ఆయన రెండో అర్థంలో తీసుకుంటారు.

"ఒంట్లో బాగోటం లేదండీ..." అన్నాను.

"అదే అనుకుంటున్నానండీ ఫిట్టరుగారూ. నలిగిపోయేరు. మీరు లేకపోతే ఈ మిషను తిరుగుద్దా అండీ?"

"ఆయ్."

"అందుకే కొత్త మిషను కూడా మీ చేతిలోనే పెడదారనుకున్నానండి."

"ఆయ్."

"మరింకేం, రేపట్నుంచి చూసుకోండి."

"ఆయ్."

బయట పీచు ఆరబెడుతున్న అక్క ఒకావిడ అడిగింది: "ఏం తమ్ముడూ, మానేసేవా?"

"లేదక్కా, పెరిగింది."

"జీతమా?"

"ధూళి."

రెండు మిషన్ల పుణ్యమా అని రెండో ఆదివారానికే గొంతు పూర్తిగా పోయింది. పాట ఎత్తుకుంటే గాలి తప్ప ఏమీ రాలేదు. సోమవారం ఓనరుగారి ఎదుట నిలబడ్డాను. నిజం చెప్పాలంటే రెండు రోజులు సెలవడగడానికే వెళ్ళాను. ఆయన పలకరించారు, పొగిడారు, మూడో మిషను ఊసెత్తారు. అలవాటుగా నోరు తెరిచాను. 'ఆయ్' రాలేదు. ఆయన ఆగారు. మళ్ళీ పొగిడారు. నేను గుడ్లప్పగించి నిలబడ్డాను. ఆయన మొహంలో తీపి కొంచెం కొంచెం కరిగిపోయింది.

"ఏంటండీ, మాటాడరు? అంత కోపమొచ్చేసిందాండీ మా మీద?"

కాదండీ అనబోయాను. గాలి వచ్చింది.

"సరేనండీ, అంత గట్టిగా అనుకున్నాక మేం ఆపకూడదు. సుఖంగా ఎల్లి రండి."

అలా మానేశాను. దగ్గు తీసేయమని నేను అడిగితే, దేవుడు ముందు నా నోరు తీసేశాడు. అంతకంటే దగ్గర దారి ఆయనకు కనిపించి ఉండదు. తర్వాతి వారం సైకిలు మీద అటుగా పోతూ ఆగి విన్నాను. రెండు మిషన్లూ మూలుగు లేకుండా, నా రోజుల్లో కంటే హాయిగా తిరుగుతున్నాయి. చెప్పొద్దూ, కాస్త బాధేసింది.

గొంతు తిరిగొచ్చింది గానీ, మునుపటంత రాలేదు. ఇప్పటికీ సంఘంలో పాట నేనే ఎత్తుకుంటాను. పై స్థాయి చరణం దగ్గర ఆగిపోయి పిల్లల వైపు చెయ్యి చూపిస్తాను, వాళ్ళు అందుకుంటారు. కొత్తగా వచ్చిన అయ్యగారు అది నా వినయం అనుకుని, రెండుసార్లు ప్రసంగంలో కూడా చెప్పారు. నేను తల వంచుకుని కూర్చున్నాను, కాదనలేదు.