మావయ్య కొండ దిగిన రోజు

మా మేనమామ పోయారన్న కబురు నాకు పడవ మీద వచ్చింది. మధ్యాహ్నం వేళ కాలవ లాకు తలుపుల దగ్గర నిలబడి, కిందికి దిగే పడవల వంతు చూస్తున్నాను. ధాన్యం పడవ సరంగు తలపాగా తీసి చంకలో పెట్టుకుని, "గుమస్తాగారూ, మీ మావయ్యగారు నిన్న పొద్దున్నే వెళ్ళిపోయారండి. మీ అత్తగారు తొందరగా రమ్మన్నారండి" అన్నాడు. చదివేవారు నన్ను ఏమనుకున్నా సరే, నిజం చెబుతాను. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది.

నేను పుట్టు పిరికివాణ్ణి. లాకు మీద ఉద్యోగం చేస్తూ ఈత రానివాణ్ణి. కానీ ఆ భయానికి వేరే కారణం ఉంది. మా ఊళ్ళో ఎవరిని కదిపినా మావయ్య గురించి ఒకటే మాట అంటారు: "మంచివాడే గానీ దూకుడు మనిషి, కొండదారిలో చెయ్యి తప్పి బండి బోల్తా కొట్టించాడు." మొన్న పెద్దకర్మ నాడు కూడా ఆ మాట నాలుగు నోళ్ళ విన్నాను. విస్తరి ముందు తల వంచుకుని కూర్చున్నాను. ఆయన చెయ్యి తప్పలేదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి ఇప్పుడు ఈ లోకంలో నేనొక్కణ్ణే. ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పలేదు. ఈ కాగితాలు చూసే తెలుసుకుంటారు కాబోలు. ఆ తలపుకే కలం ఆగిపోతోంది.

మావయ్యది కాలవల కింద వ్యవసాయం. ఎటు చూసినా చదును నేల, గీత గీసినట్టు గట్లు. ఆ నేల ఆయనకి అన్నం పెట్టింది గానీ సరదా తీర్చలేదు. ధవళేశ్వరంలో ఆనకట్ట పనులు చూసే దొర ఒకాయన సీమకి వెళ్ళిపోతూ సామాన్లు వేలం వేస్తే, అందరూ కుర్చీలూ బీరువాలూ పాడుకున్నారు. ఈయన మాత్రం రెండు చక్రాల తేలిక బండినీ, దాన్ని లాగే ఎర్ర గుర్రాన్నీ పాడుకుని ఇంటికి తోలుకొచ్చారు. అందులో ఇద్దరు కూర్చుంటే మూడోవాడికి చోటు లేదు. ధాన్యం బస్తా వేస్తే జారిపోతుంది. "ఏంటండీ ఇది? బండా, పీటా?" అని అత్త అడిగిందట. "పరిగెత్తే పీట" అన్నారట ఈయన.

బండి వచ్చాక దానికి తగిన దారులు కావలసి వచ్చాయి. కాలవగట్టు మీద తోలితే నెల తిరక్కుండానే ఆయనకి మొహం మొత్తింది. "ఇక్కడ బయల్దేరుతుంటేనే సాయంత్రానికి ఎక్కడుంటామో కనిపిస్తోందిరా అల్లుడూ. ఇంకెందుకు బయల్దేరడం?" అనేవారు. అందుకని రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా, మన్యం నుంచి చింతపండూ చీపుళ్ళూ తెచ్చే బళ్ళు ఆగే చోట మకాం పెట్టేవారు. ముందు చక్రాల మీది ఇనప పట్టాలు తడిమి చూసేవారు. మలుపుల్లో తిరిగిన పట్టా ఒక అంచున ఎక్కువ అరుగుతుందని ఆయన లెక్క. అలాంటి బండి దొరికితే దాని మనిషిని వదిలేవారు కాదు. మలుపులెన్ని, పక్కన వాగుందా, ఎక్కడైనా ఆగి చూడాలనిపిస్తుందా అని ఆరా తీసేవారు.

"ఆగితే పొద్దుగూకిపోద్దండి. పులొత్తాదేమో అని చూసుకుంటాం గానీ, కొండ చూడ్డమేటండి బాబూ?" అన్నాడొకడు.

మావయ్య పగలబడి నవ్వి, అతను చెప్పిన మలుపులన్నీ పురికొసకి ముడులు వేసుకున్నారు. ముడులు దగ్గర దగ్గరగా పడితే మంచి దారి దొరికినట్టు. గోకవరం దాటాక కనిపించే కొండల్లో అలా నాలుగైదు దారులు పట్టారాయన.

తోడుకి ఎప్పుడూ నన్నే రమ్మనేవారు. లాకు కట్టేసి, కాలవల మరమ్మతు చేసే రోజుల్లో నాకు తీరిక ఉండేది. వద్దనడానికి ధైర్యం ఉండేది కాదు. ఎందుకు నన్నే అని ఒకసారి అడిగాను. "నీ మొహం చూస్తే చాలురా, ముందున్న మలుపు ఎంత వంకరో తెలిసిపోతుంది" అన్నారు. అని ఊరుకోక, "భయమున్నవాడి కళ్ళు దారి మీద ఉంటాయి. ధైర్యవంతుణ్ణి ఎక్కించుకుంటే నిద్రపోతాడు" అని కూడా అన్నారు. నా పిరికితనానికి ఒక ఉపయోగం ఉందని చెప్పిన మనిషి ఆయనొక్కరే. మలుపు తిరగ్గానే లోయ తెరుచుకున్న చోటల్లా బండి ఆపేవారు. ముందు గుర్రం నుదురు తడిగుడ్డతో తుడిచి, తరవాత మా పెరుగన్నం మూట విప్పేవారు. తినేంతసేపూ మాట ఉండేది కాదు. నేను బండరాయికి వీపు ఆనించి, కింద పొగమంచు కదలడం చూసేవాణ్ణి. అంత అందం ఉందని నాకు ఎవరు చెబుతారు? ఆయన లేకపోతే లాకు, ఇల్లు, ఇల్లు, లాకు, అంతే నా బతుకు.

ఆయన అలవాట్లలో ఒకటి మాత్రం నాకు మింగుడుపడేది కాదు. మా వైపు బండి కీచుమంటే ఇంటి పరువు పోయినట్టే. "ఆ ఇంట్లో చెంచాడు ఆముదానికి గతి లేదు కాబోలు" అంటారు. ఆముదంలో వరిగడ్డి మసి కలిపి ఇరుసుకి కందెన పెట్టకుండా మా నాన్న గడప దాటి బండి కదలనిచ్చేవాడు కాదు. మావయ్య కొండ ఎక్కేటప్పుడు కందెన పెట్టేవారు. పైకి చేరాక మాత్రం గుడ్డతో ఇరుసు శుభ్రంగా తుడిచేసేవారు. దొర చక్రాలు పగిలిపోతే మా వడ్రంగి చేత చేయించిన కర్ర చక్రాలవి. దిగేంతసేపూ అవి పెట్టే అరుపుకి నా పళ్ళు జివ్వుమనేవి. ఎందుకలా తుడుస్తారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చాదస్తం అనుకున్నాను.

ఆరేళ్ళ కిందట మారేడుమిల్లి వైపు కొత్త దారి ఒకటి దొరికింది. రెండేళ్ళుగా ఆయన వెతుకుతున్న దారి. వాన వెలిసిన మర్నాడు పైకి చేరాం. ఇరుసు తుడిచి, ఆయన అంచు దాకా నడిచి వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. నేను బండి దగ్గర మిగిలాను. అంత పొడుగు దిగుడూ ఆ అరుపు వినాలంటే నా వల్ల కాదనిపించింది. పైగా ఎండు ఇరుసు నా కళ్ళకి పాపంలా కనిపించింది. బండి కింద వేలాడే కందెన గొట్టం తీసి, చక్రాల చీలలు లాగి, రెండు చక్రాలకీ దండిగా కందెన పట్టించాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

దిగడం మొదలుపెట్టగానే వాగు దాటాం. బండి కిక్కురుమనలేదు. "వాగులో నానింది కదా, నోరు మూసుకుంది. కాసేపట్లో మళ్ళీ అందుకుంటుంది చూడు" అన్నారు మావయ్య.

అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. తిడతారని భయం. మొదటి మలుపు తిరిగాం, బండి జోరందుకుంది. చెబుదామనుకున్నాను. రెండో మలుపులో బండి గుర్రం మీదికి తోసుకొస్తోంది. "ఈవేళ దీనికి రెక్కలొచ్చాయిరోయ్" అన్నారాయన, కానీ గొంతులో నవ్వు లేదు. నేను నోరు తెరిచాను. మూడో మలుపులో చింతపండు బండి ఎదురుగా వచ్చేసింది.

మావయ్య పగ్గాలు కొండ వైపు లాగారు. చక్రం రాతికి కొట్టుకుంది. నేను తుప్పల్లో పడ్డాను, చిన్న గీత కూడా పడలేదు. ఆయన భుజం విరిగింది. చింతపండు బండివాడు ఆయన్ని లేవదీస్తూ, "ఇదేటండి బాబూ, మీ బండి ఏ కొండ దిగినా అరుసుకుంటా వత్తాది గదా! సప్పుడింటే ముందే పక్కకి తీసేవోణ్ణండి" అన్నాడు. ఆ అరుపు ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. ఎండు ఇరుసు బండిని పట్టి ఆపేది, మేమొస్తున్నామని ఎదుటివాడికి చెప్పేది.

మావయ్యకి ఆ మాటలు తలకెక్కలేదు. నొప్పితో పళ్ళు బిగబట్టి, తన కుడిచేతి వంకే చూసుకుంటున్నారు. "చెయ్యి ఆలస్యమైందిరా అల్లుడూ" అన్నారు.

నేను కందెన అంటిన వేళ్ళు పంచెకి తుడుచుకున్నాను.

భుజం అతుక్కుంది. మా అమ్మ తమ్ముడి చేత తన తల మీద ఒట్టు వేయించుకుంది, ఇంక కొండ ఎక్కనని. ఒట్టు లేకపోయినా ఎక్కేవారు కాదు. గుర్రాన్ని ఎవరికో ఇచ్చేశారు. ఊళ్ళో తిరగడానికి ఎడ్లబండి వెనక కూర్చునేవారు. పగ్గం అందిస్తే, "వద్దురా, నా చేతిని నేను నమ్మను" అనేవారు. "చెంబు పట్టుకున్నా రెండుసార్లు చూసుకుంటున్నారు నాయనా, అదేం రోగమో" అని అత్త నాతో అంది. చెప్పేయాలని ఎన్నిసార్లు వాళ్ళ అరుగెక్కానో! పశువులకి గడ్డి సరిపడా ఉందా అని అడిగి దిగి వచ్చేవాణ్ణి. ఆరేళ్ళూ అలాగే గడిచిపోయాయి.

రెండు నెలల కిందట ఆయన మంచం పట్టారు. కాళ్ళు నీరుపట్టాయి. ఒక మధ్యాహ్నం అత్త వంటింట్లో ఉండగా, నులకమంచం పక్కన నేలమీద కూర్చుని చెప్పేశాను.

"కందెనా?" అన్నారు.

"అవును మావయ్యా. రెండు చక్రాలకీ."

కుడిచెయ్యి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "ఆరేళ్ళురా" అన్నారు. "నా చెయ్యి చచ్చిపోయిందనుకున్నాను."

నేను ఆయన కాళ్ళ మీద తల పెట్టాను. తియ్యమనలేదు, నిమరలేదు. "అప్పుడే చెప్పుంటే రెండు తగిలించేవాణ్ణి. నాలుగు తిట్టేవాణ్ణి. భుజం అతుక్కోగానే మళ్ళీ కొండెక్కేవాళ్ళం కదరా" అన్నారు. క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు ఎవరిని అడగను?

కాసేపటికి, "లేవదియ్యి" అన్నారు. వీపుకి దిండు ఆనించి కూర్చోబెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకి చాపి, పగ్గాలు పట్టినట్టు పిడికిళ్ళు బిగించారు. "వాగు దాటాం" అన్నారు. ఎడమ పిడికిలి కొంచెం వెనక్కి వచ్చింది, కుడిది సడలింది. మొదటి మలుపు. నాకు తెలియకుండానే మంచం కోడు పట్టుకున్నాను. రెండో మలుపు నెమ్మదిగా తిరిగింది. మూడో దాని దగ్గర పిడికిళ్ళు రెండూ గుండెల దాకా వచ్చి, అక్కడ ఆగాయి. "బండొస్తోంది. పోనీ వాణ్ణి ముందు" అన్నారు. ఆయన చెవి ఒగ్గి విన్నారు, తలాడించారు, పగ్గాలు వదులు చేశారు. అత్త జావ గిన్నెతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఆయన చూడలేదు. నాలుగో మలుపు తిరిగింది, ఐదోది తిరిగింది. ఎండిపోయిన ఆ పెద్ద చేతులు ఒకదాని తరవాత ఒకటి కదులుతున్నాయి. ఎక్కడా వణకలేదు.