నాలుకచేపల పోలమ్మత్త

నెల్లూరు చేపల మార్కెట్లో ఇవాళ చాలా కాలానికి నాలుకచేప వాసన తగిలింది. అరచేయంత పొడవు, నాలుక మాదిరి పలచన, రెండు కళ్లూ ఒకే పక్కన. సముద్రం అడుగున ఇసుక కప్పుకుని పడుకునే చేప. ఆ వాసనకు పోలమ్మత్త గుర్తొచ్చింది, వెంటనే కడుపు మండింది.

మా వాళ్లు చేపల పని మానేసి మనుబోలులో స్థిరపడ్డవాళ్లు. ముత్తుకూరు దగ్గరి పల్లెకు కోడలిగా వెళ్లేదాకా నాకు చేప అంటే కూరలో ముక్కే. వెళ్లిన కొత్తలో నాలుకచేపను కత్తితో గోకి గోకి కండంతా పాడుచేస్తుంటే పక్కింటి పోలమ్మత్త వచ్చి లాక్కుంది. “గోకబాకమ్మే, దీనికి చొక్కా విప్పాల” అంది. తల దగ్గర గాటు పెట్టి, వేళ్లకు బూడిద అద్దుకుని ఒక్క గుంజు గుంజితే తోలు తోకదాకా ఊడొచ్చింది. అత్తగారింట్లో నన్ను చూసి నవ్వకుండా పని నేర్పింది ఆమె ఒక్కతే. మొగుడు పోయాక, కొడుకు ఒడ్డు దగ్గర వలేసి తెచ్చే ఆ చేపలమ్మే బతికేది.

ఒక ఏడు, ఒడ్డు దగ్గరే సముద్రం అడుగును వలలతో గోకే పెద్ద బోట్లను ఊరిపెద్దలు రానిచ్చారు. బదులుగా బోట్లవాళ్లు అమ్మవారికి గోపురం కట్టిస్తామన్నారు. మా పల్లెల్లో పెద్దల కూటంలో ఆడవాళ్లు నోరెత్తరు. పోలమ్మత్త లేచి నిలబడింది.

“అడుగంతా గోకేస్తే గుడ్డు కూడా మిగల్దు. గోపురం కూడు పెడతాదా?”

ఆమె మీద దురాయి వేశారు. దురాయి అంటే పెద్దల ఆన. అది పడిన ఇంటికి నిప్పు, నీళ్లు, మాట అన్నీ బంద్. ఆమె గంపను ఏ ఆటోవాడూ ఎక్కించుకోలేదు, చేపలు గంపలోనే కుళ్లాయి. రోజూ ఆమె దగ్గర ఉప్పో చింతపండో బదులు తెచ్చుకునే మా అత్త అటువైపు తలుపు మూసేసింది. నేను కంచె మీదుగా కూరగిన్నె అందిస్తే పోలమ్మత్త తీసుకోలేదు. “నిన్ను కూడా తరిమేస్తారు, లోపలికి పోమ్మే” అంది.

ఆ ఏడే పోలమ్మత్త పోయింది. కొడుకును నేల మీద సాష్టాంగపడేలా చేసి, తల్లిది తప్పేనని ఒప్పించాకే పెద్దలు శవాన్ని ఎత్తనిచ్చారు. పూలదండలు మాత్రం పెద్దవే తెచ్చారు, సిగ్గులేని జన్మలు.

మేము నెల్లూరు వచ్చేశాం. పల్లెలో ఇప్పుడు వలకు ఇసుక తప్ప ఏమీ రావడం లేదట. పోయిన నెల ఊరిపెద్దే మా ఇంటికొచ్చాడు. బోట్ల మీద అర్జీ పెడుతున్నారట, చదువుకున్నదాన్ని కాబట్టి కలెక్టరు ముందు నేను మాట్లాడాలట. ఏం చెప్పాలని అడిగాను.

“అడుగు గోకేస్తా ఉండారు, గుడ్డు మిగలడంలా అని చెప్పమ్మా.”

“ముందు పోలమ్మత్త కొడుకు కాళ్ల మీద మీరు పడండి పెద్దాయనా. అప్పుడొస్తా.”

కాఫీ కూడా ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. నేను వెళ్లలేదు. సముద్రం కోసమైనా వెళ్లుండాల్సిందని మా ఆయన ఇప్పటికీ సణుగుతాడు. సణగనీ. పోలమ్మత్త నాకు చాలా నేర్పింది. క్షమించడం మాత్రం నేర్పలేదు. అంతదాకా ఆమెను బతకనివ్వలేదు వాళ్లు.