తలుపు తట్టాకే నోటీసు

మా మేడమ్ పోయారని సోమవారం పొద్దున ఆఫీసు వాట్సాప్ గ్రూపులో చూశాను. కింద దండాల బొమ్మలు పెట్టినవాళ్లలో ఆమెను బదిలీ చేయించినవాళ్లూ ఉన్నారు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది.

ఫిల్మ్‌నగర్ వైపు మా మున్సిపల్ ఆఫీసులో అక్రమ కట్టడాల సెక్షన్‌కు ఆమె అధికారి. నేను ఆమె కింద గుమాస్తాను. ఎండైనా వానైనా ఆమె చేతిలో చెక్క పిడి ఉన్న నల్ల గొడుగు ఉండేది. గోడ కనబడితే ఆ పిడితో తట్టందే కదిలేవారు కాదు. వెనకాల మేం నవ్వుకునేవాళ్లం.

ఒకసారి ఒక కంపెనీవాళ్లు ఏఐ తెచ్చారు. డ్రోన్ ఫొటోలు చూసి కొత్త కట్టడాలను అదే పట్టేస్తుందట, నోటీసులూ అదే పంపేస్తుందట. కొన్నాళ్లు వాడి చూసి, బాగా పనిచేస్తోందని మేడమ్ సంతకం పెడితే కొంటారు. మొదటి జాబితాలో అన్నిటికంటే పైన ఒక రెండంతస్తుల బంగళా ఉంది. కంపెనీ ఆయన్ను వెంటబెట్టుకుని మేడమ్ అక్కడికి నడిచారు. పిడితో గోడ తట్టారు. డొల్ల చప్పుడు. వెనక్కి వెళ్లి చూస్తే కర్రల ఊతం, టీ తాగుతున్న పెయింటర్లు. అది షూటింగ్ సెట్టు.

"షూటింగ్ అయినంక ఇది లారీ ఎక్కుతది. మేమే కూలగొట్టినమని రాస్తదా మీ మిషన్?" అన్నారు మేడమ్.

"చిన్న చిన్న తప్పులుంటాయండీ. అదే నేర్చుకుంటుంది" అన్నాడాయన.

జాబితాలో రెండోది యూసుఫ్‌గూడలో, సినిమా బట్టలు కుట్టే ఒకామె ఇల్లు. వాన కారుతోందని డాబా మీద నీలం టార్పాలిన్ కప్పుకుంది. మిషన్ దాన్ని కొత్త అంతస్తు అనుకుంది. ఏడు రోజుల్లో కూల్చమని నోటీసు కూడా వెళ్లిపోయింది. "ఏం కూల్చాలె మేడమ్ నేను?" అని అడిగిందామె, కాగితం మేడమ్ చేతికిస్తూ.

మేడమ్ అక్కడే ఆ నోటీసు మీద రద్దు అని రాసి, కంపెనీ ఆయన వైపు తిరిగారు. "సెట్టు తప్పయితే నవ్వుకుంటం. ఈమె ఇల్లు పోతే ఎవలు నేర్చుకుంటరు సార్?"

ఆమె సంతకం పెట్టలేదు. ఒప్పందంలో ఒక షరతు చేత్తో రాశారు: మిషన్ చూపిన ప్రతి ఇంటికీ మనిషి వెళ్లి తలుపు తట్టాకే నోటీసు. అభివృద్ధికి అడ్డం పడుతున్నారని పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. "అడ్డమే సార్. ఈ షరతు ఉంటెనే సంతకం" అన్నారు. షరతు ఉంచారు, సంతకం పెట్టించుకున్నారు, ఆమెను బదిలీ చేశారు. ఆ రోజు నేను నోరెత్తలేదు. వెళ్తూ వెళ్తూ గొడుగు నా టేబుల్‌కు ఆనించి, "తుప్పు పట్టనియ్యకు" అన్నారు. నాకు ఉద్యోగం నేర్పింది ఆవిడే. ఆ మాట ఆమె ఉండగా చెప్పలేకపోయాను.

ఈ వారం ఆ ఒప్పందం మళ్లీ నా టేబుల్ మీదికొచ్చింది. ఆ ఒక్క షరతునూ కొట్టేస్తూ ఎర్రగీత ఉంది. పక్కన పొడి సంతకం చేయమన్నారు. నేను చేయలేదు. "ఈ షరతు ఉండాలి" అని రాసి, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను. బదిలీ చేస్తే చేసుకోనీ.

తర్వాత ఇవాళ్టి జాబితా, గొడుగు తీసుకుని బయల్దేరాను. మొదటి ఇంటి తలుపు మీద పిడితో తట్టాను. లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఆగుర్రి, వస్తున్న" అంది ఒక గొంతు.