నైట్ షిఫ్టు వారం

నన్ను కరిచిన పిల్ల గురించి రాస్తున్నాను కాబట్టి ముందు ఆ సంగతి చెప్పేస్తాను. కుడి చేతి బొటనవేలి కింద, కండ ఉన్నచోట గట్టిగా పట్టుకుంది. విడిపించడానికి ఇద్దరు రావలసి వచ్చింది. సూది వేయించుకున్నాను, నాలుగు రోజులు అన్నం చెంచాతో తిన్నాను. పిల్లకు తొమ్మిదేళ్లు. మాటలు రావు. అప్పటికి ఏడాది నుంచి మా దగ్గరికి వస్తోంది.

మా దగ్గర అంటే, గోదావరిఖనిలో ఒక బొగ్గుగని కార్మికుల కాలనీ కమ్యూనిటీ హాల్లో నడిచే పగటి కేంద్రం. ఆటిజం ఉన్నవాళ్లు, ఎదుగుదలలో వెనకబడ్డవాళ్లు, పద్నాలుగు మంది పిల్లలు. పదింటికి తెరుస్తాం, రెండింటికి మూస్తాం. అక్కడ నేను టీచర్ని. అంతకుముందు పదేళ్లు ప్రైవేటు బడిలో తెలుగు చెప్పాను. ఈ పనికి నాకున్న చదువల్లా హైదరాబాద్‌లో ఇచ్చిన పది రోజుల శిక్షణ. దాని సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాను. నాకు కొంచెం గర్వం ఎక్కువని మా ఆయన అంటాడు. కొంచెం అనడం ఆయన మర్యాద.

ఆ శిక్షణలో మాకు మూడు గడుల కాగితం ఒకటి నేర్పారు. పిల్లలు కొట్టినా, కరిచినా, తల బాదుకున్నా అదే రోజు రాయాలి. మొదటి గడిలో దానికి ముందు ఏం జరిగిందో, రెండో గడిలో పిల్ల ఏం చేసిందో, మూడో గడిలో మనం ఏం చేశామో. పిల్లలు ఊరికే కొట్టరు, మొదటి గడి ఖాళీగా ఉందంటే మీరు సరిగ్గా చూడలేదన్నమాట అని శిక్షణ ఇచ్చిన మేడం పదే పదే చెప్పింది. నేను నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీశాను.

ఆ పాపకు ఒక అలవాటు ఉంది. పెదాలు మూసి సన్నగా మూలుగులాంటి శబ్దం చేస్తూ ఉంటుంది. పాట కాదు, ఏడుపు కాదు. పక్కగదిలో ఎవరో కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు వినబడుతుంది. ఆ శబ్దం ఉన్నంతసేపూ బుద్ధిగా కూర్చుంటుంది, పూసలు గుచ్చుతుంది, గ్లాసులు వరసగా పెడుతుంది. అయితే కొన్ని రోజులు ఆ శబ్దం ఉండదు. ఆ రోజుల్లో కాలు నిలవదు, మొహం దగ్గరికి ఎవరు వచ్చినా చెయ్యి విసురుతుంది. తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్లీ పూసల దగ్గర కూర్చుంటుంది. ఏడాదిలో ఇలాంటివి పదకొండు కాగితాలు రాశాను. చాలావాటిలో మొదటి గడిలో "కారణం లేదు" అనే ఉంది.

కరిచిన రోజు కూడా అదే రాశాను. జరిగింది మాత్రం ఇది: ముక్కు కారుతోందని వెనక నుంచి వెళ్లి గుడ్డతో ముక్కూ నోరూ కలిపి తుడిచాను.

ఇద్దరు తల్లులు ఆ పిల్ల వస్తే మా పిల్లల్ని పంపేది లేదన్నారు. కేంద్రం నడిపేవాళ్లు నా అభిప్రాయం అడిగారు. హైదరాబాద్ అవతల ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే హాస్టల్ ఒకటి ఉంది, అందులో ఒక సీటు ఖాళీ ఉంది. టీచరు ఉత్తరం, తల్లిదండ్రుల సంతకాలు ఉంటే చాలు. నేను రాశాను. ఇంట్లో గానీ కేంద్రంలో గానీ ఈ పాపను అదుపు చేయడం సాధ్యం కాదని రాశాను. హాస్టల్ ఫారం వెనక "కుటుంబానికి సమాజంలో అందుబాటులో ఉన్న సహాయం" అని ఒక గడి ఉంటే అందులో "ఏమీ లేదు" అని నింపాను. చెయ్యి నొప్పిగా ఉంది. నిజం చెప్పాలంటే నొప్పి కన్నా కోపం ఎక్కువగా ఉంది. ఒకసారి పంపితే ఆ పిల్ల మళ్లీ ఈ కాలనీకి ఏడాదికి ఒకసారి, అదీ చుట్టపుచూపుగా వస్తుందని నాకు తెలుసు. తెలిసే రాశాను.

మంగళవారం కేంద్రం మూసి ఆ కాగితాలతో వాళ్ల క్వార్టర్‌కు వెళ్లాను. తలుపు ఓరగా వేసి ఉంది. మా దగ్గర ఎవరింటికి పోయినా గడప బయట నుంచి కేకెయ్యం. నిలబడి, మెల్లగా, "ఏ షిఫ్టు?" అని అడుగుతాం. ఇంటాయన నైట్ షిఫ్టు చేసి వస్తే పగలంతా పడుకుంటాడు. మూడు వారాలకు ఒకసారి ప్రతి ఇంట్లో ఆ వారం వస్తుంది. ఆ వారం కుక్కర్ పెట్టరు, మిరపకాయలు దంచరు, పిల్లలు గుసగుసగా కొట్లాడుకుంటారు. కూరగాయల బండివాడికి కూడా ఏ గుమ్మం ముందు అరవకూడదో తెలుసు. చిన్నప్పుడు మా నాన్న పడుకున్నప్పుడు నవ్వినందుకు మా అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి వీపు మీద ఒక్కటిచ్చింది. నేను నా పిల్లలకు ఇచ్చినవి లెక్కపెట్టలేదు. ఇది మాకు ఎవరూ నేర్పరు, ఎవరూ దీని గురించి ఆలోచించరు కూడా.

పాప తల్లి గడప దగ్గరికి వచ్చింది. "నైట్లున్నడక్కా. పండుకున్నడు. మెల్లగ రా" అంది. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లాను. వంటింట్లో గోడకు ఆనుకుని పాప కూర్చుని ఉంది. నన్ను చూసి శబ్దం మొదలుపెట్టింది. మొదలుపెట్టిందో లేదో తల్లి అరచెయ్యి దాని నోటిమీద పడింది. వెనక నుంచి, చూడకుండా, నాతో మాట్లాడుతూనే, పొంగుతున్న పాల కింద స్టవ్ తగ్గించినంత మామూలుగా. పాప ఆగిపోయింది. తల తిప్పి గోడకు కొట్టుకుంది. అది కూడా మెల్లగానే, చప్పుడు కాకుండా.

నా బొటనవేలు సలిపింది. అప్పుడు అర్థమైంది నాకు.

"రోజూ గిట్లనే మూస్తవా చెల్లె?" అన్నాను.

"నైట్లున్న వారమే అక్కా. మిగతా వారాలు ఏమన. ఆయనకు నిద్ర చాలకపోతే బాయిల కండ్లు మూతలు పడ్తయి. మీద రూఫు, పక్కకు మిషను. ఏమన్నయితే మా బతుకేంగావాలె?"

బొగ్గుబాయిలో కునుకు ఏం చేస్తుందో ఈ కాలనీలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. పొయ్యి పక్కన క్యాలెండర్ మీద ఆమె మొగుడి షిఫ్టులు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటుంది. సంచిలోంచి నా పదకొండు కాగితాలు తీసి నేల మీద పరిచాను. ఇద్దరం తేదీలు చూసుకున్నాం. తొమ్మిది నైట్ షిఫ్టు వారాల్లో పడ్డాయి. ఒకటి జ్వరం వచ్చిన రోజు. ఇంకొకటి ఎందుకో ఇప్పటికీ తెలియదు.

సిగ్గేసింది. హైదరాబాద్ మేడంకు షిఫ్టుల సంగతి తెలియకపోతే ఆమె తప్పు కాదు. నేను బాయి పనివాడి బిడ్డను, బాయి పనివాడి పెళ్లాన్ని. ఏడాది పొడుగునా ప్రతి గడప ముందు నిలబడి "ఏ షిఫ్టు?" అని అడిగాను. ఒక్కసారి కూడా ఆ జవాబు కాగితం మీద రాయాలని తోచలేదు. గోడమీద ఫ్రేము గుర్తొచ్చి ఒళ్లు మండింది.

హాస్టల్ సంగతి ముందే కేంద్రంలో విన్న ఆ తల్లి నా సంచిలో మిగిలిన ఉత్తరం వైపు చూసి, "సంతకం ఏడ పెట్టాలె అక్కా? బట్టలు ఎన్ని జతలు పంపాలె?" అంది. ఏడవలేదు. ముందే అన్నీ ఏడ్చేసినట్టుంది.

"ఇయ్యాల సంతకం వద్దు. తమ్ముడు లేవనీ, మాట్లాడుదం" అన్నాను.

"ఆయనకు చెప్పకక్కా, నీ దండం బెడ్త. తెలిస్తే పండుకునుడే మానేస్తడు."

చెప్పాను. నాలుగింటికి అతను లేచి చాయ్ తాగుతుంటే మొత్తం చెప్పాను, ఆమె అరచెయ్యి సంగతి, నా చేతి సంగతి, ఉత్తరం సంగతి. అతను గ్లాసు కింద పెట్టాడు. తర్వాత పెళ్లాన్ని అడిగాడు.

"సప్పుడైతుందని నేనెన్నడన్న అన్ననా?"

"అనలే. అందరిండ్లల్ల గంతేగదా" అందామె.

"మరి నన్నెవ్వలన్న అడిగిన్రా? ఎనిమిది గంటలు మిషన్ పక్కకు నిలవడి పనిచేసెటోన్ని. నా బిడ్డ సప్పుడు నాకొక సప్పుడా?"

ఆమె నమ్మలేదు. బిడ్డ మీది ప్రేమతో అంటున్నాడు, నిద్ర లేకుండా దిగితే ఏమవుతుందో అని భయం. ఆ భయాన్ని నేనూ కొట్టిపారెయ్యలేకపోయాను. ఇంతలో చాయ్ పొడి కోసం వచ్చిన పక్క క్వార్టర్ అవ్వ గడపలో నిలబడి అంతా వింది. ఆమె కొడుకూ కోడలూ పొద్దున ఎనిమిదింటికి డ్యూటీకి పోతారు, ఆమె పగలంతా వాకిట్లోనే కూర్చుంటుంది. "మా అర్ర ఖాళీగనే ఉంటది, ఫ్యాను సుత మంచిగ తిరుగుతది. ఈ వారమంత ఆడ పండుకోమను. దీనికింత పంచాయితేంది?" అని తాళంచెవి నా ఒళ్లో పడేసి, చాయ్ పొడి తీసుకుని పోయింది.

నాలుగు రోజులు అతను అక్కడ పడుకున్నాడు. ఆ నాలుగు రోజులూ పాప నోటికి ఎవరూ అడ్డం రాలేదు. కేంద్రంలో శుక్రవారం నాటికి శబ్దం మొదలుపెట్టింది. శనివారం సాయంత్రం వెళ్లి అతన్నే అడిగాను, నిద్ర పట్టిందా అని. ఈసారి అతన్నే.

"పట్టిందక్కా. నడుమ ఒక్క గోడనేనాయె, దాని సప్పుడు ఇనవడుతనే ఉంటది. అది ఆగినప్పుడే మెలకువస్తది, ఏమైందో అని" అన్నాడు.

తర్వాతి నైట్ షిఫ్టు వారం నుంచి తన ఇంట్లోనే పడుకుంటున్నాడు. తల్లి చెయ్యి మాత్రం ఆ అలవాటు అంత తొందరగా మానలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు లేస్తుంది, సగం దారిలో గుర్తొచ్చి పిల్ల భుజం మీద పడుతుంది. కేంద్రంలో గొడవ పెట్టిన ఇద్దరు తల్లుల్లో ఒకామె ఒప్పుకుంది, ఒకామె పిల్లవాణ్ని మానిపించేసింది. ఆమెను నేను ఒప్పించలేకపోయాను. ఉత్తరం చింపేశాను. ఫారం వెనక "ఏమీ లేదు" కొట్టేసి "పక్క క్వార్టర్ తాళంచెవి" అని రాసి, సీటు వద్దని తిరిగి పంపాను. హాస్టల్‌వాళ్లు ఇదేంటని ఫోన్ చేశారు. ఉన్నదే రాశానన్నాను.

ఇప్పుడు పాప ముక్కు తుడవాలంటే ఎదురుగా కూర్చుని, గుడ్డ చూపించి ఆగుతాను. చాలాసార్లు తల తిప్పేసుకుంటుంది, నేనూ లేచిపోతాను. మొన్న ఒక నైట్ షిఫ్టు వారంలోనే, గుడ్డ పట్టుకున్న నా చేతిని, మచ్చ ఉన్న చేతినే, తనే లాక్కుని మొహం దగ్గర పెట్టుకుంది. ముక్కు తుడిచాను. నోరు కూడా తుడిచాను. గుడ్డ కింద శబ్దం ఆగలేదు, నా అరచేతికి తెలుస్తూనే ఉంది.