కింది ఆకులు

నల్లగండ్లలో మా హాల్లో తెల్లమచ్చల పెద్దాకుల మొక్క ఉండేది. దాని కింది ఆకులు వారానికొకటి మాయమయ్యేవి. మా ఇంట్లో పనిచేసే అక్కే తెంపుతోందని తెలిసి నాకు ఒళ్లు మండింది.

"గా ఆకు నోట్లె వెట్టుకుంటే నాలుక వాస్తదమ్మా" అని ఆమె చెబుతూనే ఉంది. మీటింగుకు ఆలస్యమవుతోందని హెడ్‌ఫోన్ తగిలించుకుంటూ, ఇక ముట్టుకోవద్దన్నాను.

ఆమె ముట్టుకోలేదు. పది రోజులకు, గోడ పట్టుకుని నిలబడటం నేర్చుకుంటున్న మా పాప ఒక ఆకు కొరికింది. నోరు వాచి, చొంగ కారుతూ, ఏడుద్దామన్నా గొంతు రాలేదు దానికి. ఆసుపత్రిలో వాపు తగ్గేదాకా అక్కే ఎత్తుకుని తిరిగింది.

"ఊకె తెంపలేదమ్మా. పాప చెయ్యి ఎంతదాక అందితే గంతదాకనే తెంపిన."

పాప ఎంత ఎదిగిందో వారం వారం ఆమె చూసుకుంటూ వచ్చింది. నేను చూసుకున్నది మొక్కను.