అత్త తూచిన తుపాకీ

మా మేనత్త పోయిన వార్త నాకు మూడు భాషల్లో వచ్చింది. మొదట షూటింగ్ క్లబ్బు గ్రూపులో మలయ్‌లో ఒక సంతాప సందేశం. అది చదివి నేనింకా నమ్మకముందే పిన్ని తమిళంలో ఏడుస్తూ గొంతు సందేశం పంపింది. ఆ వెంటనే ఆస్పత్రి నుంచి నాన్న ఫోన్. "అత్త ఎల్లిపోయినాదమ్మా," అన్నాడు. ఫోన్ మాత్రం పెట్టేయలేదు. వార్డులో ఎవరో కుర్చీ ఈడుస్తున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

అత్త ఈ మలయ్ దేశంలోనే, సుంగై సుమున్ తోటల్లో పుట్టింది. పోలీసు ఉద్యోగంలో చేరి ఇపో పట్నంలో రిటైరైంది. ఆ తర్వాత పిస్తోలు పోటీల్లో పరికరాల తనిఖీ అధికారిగా పనిచేసింది. అలాంటి పని ఒకటుంటుందని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. మా ఆటలో పరుగెడుతూ, అడ్డుగోడల చాటు నుంచి కాగితపు గురులనూ ఇనుప పలకలనూ కాల్చాలి. అందరూ అన్నిరకాల పిస్తోళ్ళతో కలిసి పోటీపడితే న్యాయం ఉండదు కాబట్టి విభాగాలుంటాయి. నేను ఆడే ప్రొడక్షన్ విభాగంలో పిస్తోలు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే దాదాపుగా ఉండాలి. లోపల ఒకటి రెండు చిన్న భాగాలు మార్చుకోవచ్చు, కాని ట్రిగ్గర్ మరీ తేలిక కాకూడదు. దాన్ని నొక్కడానికి పట్టే బలానికి ఒక కనీస బరువు పెట్టారు. ఓపెన్ విభాగంలో మాత్రం ఎర్రచుక్క చూపే అద్దం, కుదుపు తగ్గించే మూతి తొడుగు, ఎక్కువ గుండ్లు పట్టే పొడుగాటి మ్యాగజైను, అన్నీ చెల్లుతాయి. మన పిస్తోలు నియమం తప్పితే మనల్ని ఓపెన్‌లోకి మార్చేస్తారు. మామూలు సైకిలు తీసుకుని మోటారు సైకిళ్ళ పందెంలో దిగినట్టే.

నన్ను ఈ ఆటలోకి తెచ్చింది అత్తే. పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలిగా పనిచేస్తూ, ఆదివారాలు ఏం చేయాలో తోచక ఉన్న నన్ను ఓసారి కాల్పుల రేంజికి లాక్కెళ్ళింది. చెవులకు రక్షణ తొడిగి, "బయపడితే బయపడు. ఏలు మాత్రం ట్రిగ్గర్ మీద పెట్టకు," అంది. మొదటి పాఠం అదే. చాలాకాలం పాటు రెండో పాఠం లేదు.

తనిఖీ బల్ల దగ్గర కూర్చుంటే ఆవిడ వేరే మనిషి. బుగ్గన ఉప్పు రేగుపండు పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, ఒక్కో పిస్తోలునూ పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా అందుకునేది. ఎవరికీ శుభాకాంక్షలు చెప్పేది కాదు. నాతో అక్కడ తెలుగు మాట్లాడేది కాదు. మేం మాట్లాడుకునేది పక్కవాళ్ళకు అర్థం కాకపోతే ఏదో మంతనం అనుకుంటారని నాతో మలయ్‌లోనే మాట్లాడేది. ఓసారి నేను నవ్వుతూ తెలుగులో పలకరిస్తే, ఇంటికొచ్చాక చీవాట్లు పెట్టింది. "ఆడ నీ ముకం నాకొద్దమ్మా. తుపాకీ సూపించు, బేగి ఎల్లు."

ఇప్పుడు నేను చెప్పబోయేది జట్టు ఎంపిక పోటీ సంగతి. పొరుగుదేశంలో జరిగే పోటీకి మా దేశం నుంచి ఆడవాళ్ళ జట్టును ఎంచుతున్నారు. ఉదయం తనిఖీలో నా పిస్తోలు నెగ్గింది. మధ్యాహ్నానికి పట్టికలో నా పేరు పైన ఉంది. చివరి దశ మిగిలింది. సున్నపురాయి కొండల మీద మబ్బు కమ్మి, గాలి ఆగి, చొక్కా వీపుకి అంటుకుపోతోంది. నేను బాగానే కాల్చాను. ఆఖరి ఇనుప పలక దగ్గర చేతికి ఏదో తేడా తగిలింది గాని, వేగంలో నేనే రెండుసార్లు నొక్కి ఉంటాననుకున్నాను. పలక పడింది. వెనక చప్పట్లు వినిపించాయి. పిస్తోలు ఖాళీ చేసి చూపించి, ఒరలో పెట్టాను.

వెనక్కి తిరిగేసరికి అత్త చప్పట్లు కొట్టడం లేదు. ముఖ్య అధికారి చెవి దగ్గర ఏదో చెబుతోంది. ఆయన మలయ్ మనిషి, అత్త కన్నా చిన్నవాడు, ఆవిణ్ణి 'కక్' అని పిలుస్తాడు, అంటే అక్క.

"ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కదా, కక్," అన్నాడాయన మెల్లగా.

"నేను విన్నాను," అంది అత్త మలయ్‌లోనే. "ఒక్క నొక్కుడుకు రెండు గుండ్లు పేలాయి. తూచాలి."

మళ్ళీ బల్ల దగ్గరికి నడిచాం. మిగతా ఆటగాళ్ళు చుట్టూ చేరారు. అత్త తప్పుకుని ఇంకొకరికి అప్పగిస్తానంది. ముఖ్య అధికారి ఒప్పుకోలేదు. "మీరే చెయ్యండి. నేను పక్కనే నిలబడతాను," అన్నాడు. పిస్తోలు మూతి పైకి పెట్టి, ట్రిగ్గరుకు బరువు తగిలించి, మెల్లగా లేపుతారు. బరువు బల్ల మీంచి లేచినా ట్రిగ్గర్ ఆగితే నెగ్గినట్టు. మూడు ప్రయత్నాల్లో ఒక్కసారి ఆగినా చాలు.

మొదటిసారి బరువు కదిలీ కదలకముందే, వెనక గుండును కొట్టే హ్యామర్ టక్కున పడింది.

అత్త చేతులు తుడుచుకుంది. రెండోసారి ఇంకా నెమ్మదిగా లేపింది. ఆవిడ మణికట్టు మీద నరం ఉబ్బి కనిపించింది. బరువు అంచు ఒకవైపు లేచింది. టక్.

మూడోసారికి ముందు ఆవిడ నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. బుగ్గన ఉన్న రేగుపండును కూడా కదపలేదు. బరువును అంత నిదానంగా లేపడం నేనెప్పుడూ చూడలేదు. ఆగాలని నాకంటే ఆవిడకే ఎక్కువ ఉందని ఆ చెయ్యి చూస్తే తెలిసిపోయేది. టక్.

"ప్రొడక్షన్ నియమానికి తగదు. ఓపెన్‌లోకి మారుస్తున్నాం," అంది మలయ్‌లో, అందరికీ వినబడేలా. ఆ తర్వాత, ఆ బల్ల దగ్గర మొదటిసారి, తెలుగులో అంది: "కోడలా, దీన్ని ఆయుధాల గదిలో ఇచ్చీ. మళ్ళీ లోడు సెయ్యకు."

"ఎవలూ అడగలేదు గదా అత్తా!" అన్నాను.

"నాను ఇన్నాను గదే."

ఓపెన్‌లో నేను అడుగున తేలాను. జట్టులో చోటు పినాంగ్ నుంచి వచ్చిన అమ్మాయికి దక్కింది. పొద్దున అత్త కారులో వచ్చినదాన్ని, సాయంత్రం ఇంకొకరి కారులో ఇంటికి వెళ్ళాను. కోపం వచ్చినందుకు ఈరోజుకీ నేను సిగ్గుపడను. అంతగా కష్టపడి చేతిదాకా తెచ్చుకున్నది పోతే ఎవరికైనా వస్తుంది.

నాన్న కోపం నాకన్నా మొండిది. చెల్లెలికి ఫోన్ చేసి, "సొంత మేనకోడలే, నీకు మనసెలాగొచ్చిందే? నోరు మూసుకుంటే ఏటి పోయేది లా?" అని, ఇక్కడ అందరికీ అలవాటైన మలయ్ 'లా' చివర తగిలించి మరీ అరిచాడు. అటువైపు నుంచి ఆవిడ ఏమందో నాకు వినబడలేదు. నాన్న ఫోన్‌ను సోఫాలోకి విసిరేసి స్నానానికి వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం నుంచి అత్త మా ఇంటికి రావడం ఆగిపోయింది.

కొన్నాళ్ళకు ముఖ్య అధికారి మా ఇద్దర్నీ ఆయుధాల గదికి పిలిచాడు. పిస్తోళ్ళు మరమ్మతు చేసే పెద్దాయన, చీనా ఆయన, నా పిస్తోలును విప్పి చూశానన్నాడు. ఉదయం బాగున్నది సాయంత్రానికి ఎందుకు మారిందో చూపిస్తానని, గుండ్లు లేవని అందరికీ చూపించి, హ్యామర్ వెనక్కి లాగి, పిడిని రబ్బరు చాప మీద చిన్నగా తట్టాడు. ట్రిగ్గరును ఎవరూ ముట్టుకోలేదు.

టక్.

మళ్ళీ లాగి, మళ్ళీ తట్టాడు. టక్. లోపల హ్యామర్‌ను పట్టి ఉంచే చిన్న ఇనుప కొక్కెం అంచు విరిగిపోయి, మిగిలింది అరిగిపోయిందట. కొత్తగా అమర్చిన భాగమే, నియమాలు ఒప్పుకున్నదే. తయారీలోనే పగులున్నట్టుందని ఆయన అన్నాడు.

మరో దశ ఉండి ఉంటే, గుండు ఎక్కించిన ఆ పిస్తోలును చేత్తో పట్టుకుని పరుగెత్తేదాన్ని. ముందు అడ్డుగోడ ఎక్కడో, వెనక మనుషులెక్కడో నా మెదడు కొలుస్తోంది.

అప్పుడు అత్త గోడ పట్టుకుని కుర్చీలో కూలబడింది. 'చూశావా' అంటుందేమోనని చూశాను. ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంత అని నాకు తెలీదు కోడలా," అంది. "ఒట్టు. నాను బరువు తగ్గినాదనే అనుకున్నాను. నియమం గదా అని తూసినాను. అంతే లా."

ఆవిడ గురించి నేను మీకు చెప్పదలచుకున్నది ఈ మాటే. మేనకోడలి ప్రాణం కాపాడానని ఆ తర్వాత క్లబ్బులో ఎవరు పొగిడినా అత్త ఒప్పుకోలేదు. ముందే పసిగట్టిందట అని ఎవరో అంటే, "లేదు లేదు, నాకేటి తెలుసు," అని అక్కడికక్కడే ఖండించేది. తనది కాని పేరును పక్కకు నెట్టేసేది, నియమం తప్పిన పిస్తోలును నెట్టేసినట్టే.

నాన్నకు నేను జరిగింది చెప్పాను. ఆయన విని, టీవీ కట్టేసి, "అయినా అందరి ముందూ సెప్పాలేటి?" అన్నాడు. మరుసటి ఆదివారం మాత్రం తనే చేపల పులుసు గిన్నె పట్టుకుని చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. క్షమాపణలు ఎవరూ చెప్పుకోలేదు. తర్వాత అత్త కిడ్నీలు చెడి, రక్తం శుద్ధి చేయించుకోవాల్సి వచ్చినప్పుడు, ప్రతిసారీ తీసుకెళ్ళింది నాన్నే. జట్టులో చోటు నాకు మళ్ళీ రాలేదు. దగ్గరిదాకా వెళ్ళాను, రాలేదు. అత్త ఓదార్చలేదు. "కాల్సుతున్నావు గదా, సాలదేటి," అంది.

దహనం అయిన తర్వాతి ఆదివారం క్లబ్బులో ఆవిడ కోసం అందరూ కాసేపు మౌనంగా నిలబడ్డారు. నాన్న వస్తానంటే నేను నమ్మలేదు. రేంజిలో ఆయన ఎన్నడూ అడుగుపెట్టలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, ఎవరో ఇచ్చిన పెద్ద చెవి తొడుగులు పెట్టుకుని, అడ్డుకంచె వెనక నిటారుగా నిలబడ్డాడు. మొదటి దశ కాల్పులు మొదలైనప్పుడు ఒక్కో చప్పుడుకీ ఆయన భుజాలు ఎగిరిపడ్డాయి. కాల్పులు ఆగాయి. పిస్తోళ్ళన్నీ ఖాళీ అని అధికారి కేకవేశాడు. గురుల వెనక మట్టిగట్టు మీదికి గోరువంకలు ఒక్కొక్కటే దిగి, పొగ ఇంకా తేలుతుండగానే పురుగుల కోసం మట్టిని కెలకసాగాయి.

"నాన్నా, అయిపోయింది, అయ్యి తీసెయ్యొచ్చు," అన్నాను.

ఆయనకు వినబడలేదు. చెవులు రెండూ మూసుకుపోయి, చేతులు కట్టుకుని, ఆ పక్షులవైపే చూస్తూ నిలబడ్డాడు.